పొరపాట్లు జరిగాయి సరే, చేసిందెవరు? సోవియట్ పాఠ్యపుస్తకాల్లో యుద్ధం: ఒక కేస్ స్టడీ

బీఈడీ కాలేజీలో సోషల్ మెథడ్ చెప్పడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ నాకు ఒకటే సమాధానం ఎదురవుతుంది: "టెక్స్ట్‌బుక్‌లో ఉంది కదా మేడమ్". అంతటితో చర్చ ఆగిపోతుంది. పాఠ్యపుస్తకాన్ని కూడా మనుషులే రాస్తారు, దాన్ని కూడా ప్రశ్నించి చదవాలి అని ఎంత చెప్పినా ఛాత్రోపాధ్యాయులు తలలూపుతారు గానీ చేతల్లో ఏమీ మారదు. పోనీ మన సొంత పుస్తకాలతోనే చూపిద్దామంటే, పది నిమిషాల్లో క్లాసు రెండు పార్టీలుగా చీలిపోతుంది. పాఠం పక్కకు పోయి ఎవరి పార్టీ ఏది అన్నది ముందుకొస్తుంది.

అందుకే ఇప్పుడు లేని ఒక దేశపు పుస్తకాలు తీసుకున్నాను. 1985 నుంచి 1990 దాకా నేను మాస్కోలో రష్యన్ భాష చదువుకున్నాను. వచ్చేటప్పుడు బట్టల కన్నా పుస్తకాలే ఎక్కువ తెచ్చుకున్నాను. పాత పుస్తకాల షాపుల్లో కొన్న స్కూలు చరిత్ర పుస్తకాలు వాటిలో కొన్ని. స్టాలిన్ చివరి రోజులవి, ఆయన తర్వాత పాలించిన క్రుశ్చేవ్ కాలంవి, ఆ తర్వాతి బ్రెజ్నేవ్ కాలంవి. అవన్నీ చెప్పేది ఒకే యుద్ధం గురించి: హిట్లర్ జర్మనీతో 1941 జూన్ 22న మొదలై 1945 మేలో ముగిసిన, వాళ్లు 'మహత్తర దేశభక్త యుద్ధం' అని పిలుచుకునే యుద్ధం. ఆ పేజీలను నేనే తెలుగు చేసి రెండు బ్యాచ్‌లకు చెప్పాను. మొదటి బ్యాచ్‌తో విఫలమయ్యాను. రెండో బ్యాచ్‌తో కొంత కుదిరింది. ఆ రెండు అనుభవాలనూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఆ పుస్తకాల వెనక ఉన్న వ్యవస్థ గురించి కొంచెం చెప్పాలి. 1934 మే 16న ప్రభుత్వం, పార్టీ కలిసి స్కూళ్లలో చరిత్ర బోధన మీద ఒక తీర్మానం చేశాయి. సంతకాలు స్టాలిన్, అప్పటి ప్రధాని మొలొతోవ్‌లవి. పిల్లలకు పొడి సిద్ధాంతాలు కాదు, తేదీలు, సంఘటనలు, మనుషులు వరస క్రమంలో చెప్పాలని దాని సారాంశం. బోధనా పద్ధతిగా చూస్తే అది మంచి మాటే. కానీ ఆ తర్వాత దేశమంతటికీ ఒకే ఆమోదిత పుస్తకం అన్న పద్ధతి గట్టిపడింది. పడమటి కొసన బ్రెస్ట్‌లో చదివే పిల్లాడికీ తూర్పు కొసన వ్లాదివొస్తోక్‌లో చదివే పిల్లకీ ఒకే వాక్యం. యూనివర్సిటీకి వెళ్లినా తప్పేది కాదు. డాక్టరు చదివినా ఇంజనీరింగ్ చదివినా సోవియట్ కమ్యూనిస్టు పార్టీ చరిత్ర పరీక్ష రాయాల్సిందే. భాషాశాస్త్రం చదివే నా రష్యన్ క్లాస్‌మేట్లకు కూడా అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఆ పేపర్‌తోనే. అందులో ఒక వింత ఉంది. 1938లో వచ్చిన పార్టీ చరిత్ర 'సంక్షిప్త పాఠం' 1956 దాకా ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. 1938లో రాసిన పుస్తకంలో 1941 యుద్ధం ఎలా ఉంటుంది? పొనొమర్యోవ్ సంపాదకత్వంలో కొత్త పుస్తకం వచ్చింది 1959లో.

మొదటి బ్యాచ్: నేను ఎక్కడ తప్పు చేశాను

మొదటి బ్యాచ్‌కి నేను 1939 ఆగస్టు 23తో మొదలుపెట్టాను. ఆ రోజు మాస్కోలో మొలొతోవ్, జర్మనీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఒకరి మీద ఒకరు దాడి చేయకూడదన్న అనాక్రమణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. సోవియట్ పుస్తకాలు ఈ ఒప్పందాన్ని దాచలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ చర్చలను సాగదీశాయి, గత్యంతరం లేక ఒప్పందం చేసుకున్నాం, దాంతో దాదాపు రెండేళ్ల సమయం దొరికింది అని చెప్పాయి. దాచింది దాంతోపాటు సంతకమైన రహస్య అనుబంధాన్ని. పోలండ్, బాల్టిక్ దేశాలు, ఫిన్లండ్, బెస్సరేబియా ఎవరి పలుకుబడిలోకి రావాలో అందులో రాసుకున్నారు. పుస్తకంలో మాత్రం సెప్టెంబర్ 17న ఎర్రసైన్యం పోలండ్‌లోకి వెళ్లడం పశ్చిమ ఉక్రెయిన్, పశ్చిమ బెలారస్ ప్రజల 'విముక్తి'. బాల్టిక్ దేశాలు తమంతట తామే వచ్చి చేరాయి. ఫిన్లండ్ యుద్ధానికి కారణం ఫిన్లండే.

1948లో అమెరికా ఆ పత్రాలను అచ్చు వేసింది. సోవియట్ ప్రభుత్వం దానికి జవాబుగా 'చరిత్రను వక్రీకరించేవారు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వేసింది. స్టాలిన్ స్వయంగా దాన్ని దిద్దాడు. అక్కణ్నుంచి నలభై ఏళ్లు అలాంటి పత్రమే లేదన్నారు. 1989 డిసెంబర్ 24న ప్రజాప్రతినిధుల మహాసభ ఆ అనుబంధాలు ఉన్నాయని ఒప్పుకుని, వాటిని ఖండించింది. అప్పుడు నేను మాస్కోలోనే ఉన్నాను. ఆ రోజు నాకు మా నాన్న గుర్తొచ్చారు. మా ఇంట్లో విశాలాంధ్ర వాళ్ల దగ్గర కొన్న సోవియట్ పుస్తకాలు బీరువా నిండా ఉండేవి. రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలు వాటిలో చాలా ఉన్నాయి. ఆ ఒప్పందం గురించి అడిగితే నాన్న సరిగ్గా ఆ పాఠ్యపుస్తకం చెప్పిన మాటే చెప్పేవారు. ఆయనది నమ్మకం, మోసం కాదు. 1941 జూన్ దాకా సామ్రాజ్యవాద యుద్ధమన్నది ఆ తర్వాత ప్రజాయుద్ధంగా మారడాన్ని మన కమ్యూనిస్టు పార్టీ ఎలా సమర్థించుకుందో చూసిన తరం అది.

ఇదంతా నేను మొదటి రోజే, ఒకే పీరియడ్‌లో చెప్పేశాను. ఫలితం ఘోరంగా వచ్చింది. క్లాసు మొత్తం "అయితే అంతా అబద్ధమే" అన్న నిర్ణయానికి వచ్చేసింది. మిగతా పేజీలు చదివే ఓపిక ఎవరికీ లేదు. ఒకమ్మాయి తన రికార్డులో ఏకంగా హిట్లర్‌ను ఓడించడంలో రష్యన్ల పాత్రే ప్రచారమని రాసింది. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జర్మన్ సైన్యానికి జరిగిన నష్టంలో అత్యధిక భాగం తూర్పు రంగంలోనే జరిగింది. ఆ మాట పాఠ్యపుస్తకం చెప్పింది, నిజమే చెప్పింది. లెనిన్‌గ్రాద్ నగరం 872 రోజులు జర్మన్ల దిగ్బంధంలో ఉంది. 1941 నవంబర్ 20 నుంచి ఉద్యోగులకు, పిల్లలకు, పని చేయలేని వాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. దాన్నీ సరిగ్గా రొట్టె అనలేం. ఇవి కూడా పుస్తకంలో ఉన్నాయి, ఇవీ నిజాలే. ఆ అమ్మాయికి ఆ నిజాల మీద కూడా నమ్మకం పోయేలా చేసింది నేను. గుడ్డిగా నమ్మడం ఎంత సులువో, గుడ్డిగా కొట్టిపారేయడమూ అంతే సులువు. రెండిట్లోనూ చదివే పని ఉండదు.

రెండో బ్యాచ్: మూడు అంకెలు

మరుసటి ఏడు వరస మార్చాను. మొదటి రోజు లెనిన్‌గ్రాద్ పేజీ మాత్రమే చదివించాను, విమర్శ ఏమీ లేకుండా. 125 గ్రాములంటే ఎంతో తెలియడానికి ఒక బ్రెడ్ ప్యాకెట్ తెచ్చి తూచి చూపించాను. క్లాసు నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ పుస్తకం మీద వాళ్లకు గౌరవం ఏర్పడ్డాకే రెండో రోజు బోర్డు మీద మూడు అంకెలు రాశాను.

1946: 70 లక్షలు. 1965: 2 కోట్లకు పైగా. 1990: దాదాపు 2 కోట్ల 70 లక్షలు.

మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు: యుద్ధంలో సోవియట్ దేశం ఎంతమందిని పోగొట్టుకుంది? మొదటిది 1946 మార్చిలో పార్టీ పత్రిక 'ప్రావ్దా' ఇంటర్వ్యూలో స్టాలిన్ చెప్పింది. ఆయన చెప్పాక దానికి తిరుగు లేదు. 1961లో స్వీడన్ ప్రధానికి రాసిన ఉత్తరంలో క్రుశ్చేవ్ రెండు కోట్ల ప్రాణాలు పోయాయన్నాడు. 1965లో, విజయానికి ఇరవై ఏళ్లు నిండినప్పుడు, బ్రెజ్నేవ్ రెండు కోట్లకు పైగా అన్నాడు. పుస్తకాలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. చివరిది 1990 మే 8న అప్పటి సోవియట్ అధినేత గొర్బచోవ్ చెప్పింది.

పాతికేళ్లలో, నలభై ఏళ్లలో చచ్చిపోయినవాళ్లు పెరగరు కదా, మరి అంకె ఎందుకు పెరిగింది అని అడిగాను. మొదట అందరూ లెక్కలు సరిగ్గా లేవేమో అన్నారు. కొంతవరకు అదీ నిజమే. నా అభిప్రాయం ఇంకొకటి. 1946లో పెద్ద అంకె చెబితే రెండు చిక్కులు: దేశం ఎంత నీరసించిందో బయటివాళ్లకు తెలిసిపోతుంది, ఇంతమంది ఎలా పోయారని లోపలివాళ్లు అడుగుతారు. 1965 నాటికి ప్రమాదం పోయి అదే అంకె బలంగా మారింది. ప్రపంచాన్ని కాపాడటానికి ఇంత ఇచ్చాం అని చెప్పుకునే బలం. మే 9 కథ కూడా దీనికి సరిపోతుంది. యుద్ధం ముగిసిన రెండేళ్లకే, 1948 నుంచి, విజయ దినం సెలవు తీసేశారు. మళ్లీ సెలవు ఇచ్చింది 1965లోనే. మధ్యలో పదిహేడేళ్లు మే 9న జనం మామూలుగా పనికి వెళ్లారు.

ఇక్కడ మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే ముసలావిడ గురించి చెప్పాలి. తాళాలు ఇచ్చేది, రాత్రి ఆలస్యమైతే తిట్టేది, తిట్టాక టీ ఇచ్చేది. ఆవిడ తమ్ముడు 1941 శరత్కాలంలో యుద్ధానికి వెళ్లి మళ్లీ రాలేదు. చావు కాగితం రాలేదు. వచ్చిన కాగితంలో ఉన్నది 'జాడ తెలియలేదు' అన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క ఎంత బరువైనదో నాకు ఆవిడ చెబితేనే తెలిసింది. జాడ తెలియకపోవడమంటే చనిపోయి ఉండవచ్చు, శత్రువుకు పట్టుబడి ఉండవచ్చు. 1941 ఆగస్టు 16 నాటి 270వ నంబరు ఆజ్ఞ ప్రకారం లొంగిపోవడం ద్రోహం, లొంగిపోయిన సైనికుడి కుటుంబానికి ప్రభుత్వ సాయం ఉండదు. జర్మన్లకు దాదాపు 57 లక్షల మంది సోవియట్ సైనికులు పట్టుబడ్డారు. వాళ్లలో సుమారు 33 లక్షల మంది ఆకలితో, చలితో, రోగాలతో, తుపాకీ గుళ్లతో చనిపోయారు. నా దగ్గరున్న పుస్తకాల్లో వీరుల పేర్లు పేజీల కొద్దీ ఉన్నాయి. ఈ 33 లక్షల మందికి దక్కిన చోటు ఎంత వెతికినా చాలా తక్కువ. 1990 మేలో గొర్బచోవ్ అంకె టీవీలో వచ్చిన రోజు ఆవిడ నన్ను పిలిచి, "ఈ కొత్త లెక్కలోనైనా మావాడు ఉన్నాడంటావా?" అని అడిగింది. ఉన్నాడన్నాను.

అంకెలు దాచే పద్ధతి ఇంకొకటి ఉంది. అది క్లాసులో అందరికీ బాగా పట్టింది. అమెరికా అప్పుగా, అరువుగా పంపిన యుద్ధ సామగ్రి గురించి సోవియట్ పుస్తకాలు ఒక అంకె చెబుతాయి: సోవియట్ ఉత్పత్తిలో సుమారు 4 శాతం. ఆ అంకె వొజ్నెసెన్‌స్కీ అనే ఆర్థికవేత్తది. ప్రణాళికా సంఘానికి అధిపతిగా ఉంటూ 1947లో యుద్ధకాలపు ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశాడు, దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత 'లెనిన్‌గ్రాద్ కేసు'లో ఆయన్ను ఇరికించి 1950లో కాల్చి చంపారు. మనిషి పోయాడు, పుస్తకం కనుమరుగైంది, ఆయన లెక్క వేసిన 4 శాతం మాత్రం దశాబ్దాల పాటు పాఠాల్లో బతికింది. పోనీ ఆ శాతం తప్పా? మొత్తం మీద తీస్తే శాతం చిన్నగానే కనిపిస్తుంది. అదే అమెరికా నుంచి వచ్చిన లారీలు, జీపులు 4 లక్షలకు పైనే. ఎర్రసైన్యం బెర్లిన్ దాకా అంత వేగంగా వెళ్లడంలో వాటి చక్రాల పాత్ర ఎంత అన్నది సగటు శాతంలో కనిపించదు. తూకం సరైనదే, తూచింది వేరే వస్తువును అన్నమాట.

కర్త లేని వాక్యం

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం తెలుగు చేసేటప్పుడు దొరికింది, క్లాసులో కాదు. 1941 వేసవిలో సైన్యం ఎందుకంత ఘోరంగా వెనక్కి తగ్గింది అన్న పేరా తీసుకుని మూడు కాలాల పుస్తకాల నుంచీ అనువదిస్తున్నాను. స్టాలిన్ కాలపు పుస్తకంలో కారణం ఒక్కటే: శత్రువు నమ్మకద్రోహం చేసి హఠాత్తుగా దాడి చేశాడు. కర్త హిట్లర్. కమ్యూనిస్టు పార్టీ ఇరవయ్యవ మహాసభలో, 1956 ఫిబ్రవరిలో, క్రుశ్చేవ్ స్టాలిన్ మీద రహస్య ప్రసంగం చేశాక కర్త మారిపోయాడు. హెచ్చరికలు వచ్చినా స్టాలిన్ లెక్కచేయలేదు, దాడి ఎప్పుడు జరుగుతుందన్న అంచనా తప్పాడు అని సూటిగా రాశారు. బ్రెజ్నేవ్ కాలానికి వచ్చేసరికి దాడి సమయాన్ని అంచనా వేయడంలో పొరపాట్లు జరిగాయి అన్న ధోరణి వచ్చింది. రష్యన్‌లో అది కర్మణి ప్రయోగం. తెలుగులో ఎంతో సహజంగా 'జరిగాయి' అని వచ్చేసింది. రాశాక కలం ఆగిపోయింది. నేనేమీ కష్టపడలేదు, భాషే ఆ పని చేసిపెట్టింది. 'పొరపాటు జరిగింది', 'ఆలస్యమైంది', 'గ్లాసు పగిలింది' అని మనం ఇంట్లో రోజూ అంటాం, ఎవరూ ఏమీ చేయనట్టే.

కర్త ఊరికే మాయం కాలేదు. చరిత్రకారుడు అలెక్సాందర్ నెక్రిచ్ 1965లో '1941 జూన్ 22' పేరుతో పుస్తకం ప్రచురించాడు. ఆ సంసిద్ధత లేకపోవడానికి స్టాలిన్ బాధ్యత ఎంతో ఆధారాలతో చూపించాడు. 1966 ఫిబ్రవరిలో దాని మీద బహిరంగ చర్చ పెడితే మాట్లాడినవాళ్లలో చాలామంది ఆయన్నే సమర్థించారు. 1967లో ఆయన్ను పార్టీ నుంచి బహిష్కరించారు, పుస్తకాన్ని లైబ్రరీల నుంచి తీసేశారు. 1976లో ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. ఒక వాక్యంలో కర్త ఉండాలా వద్దా అన్న తగాదాకు ఒక మనిషి తన దేశాన్నే వదులుకోవాల్సి వచ్చింది. ఇది చెప్పినప్పుడు నా గొంతు వణికింది, దాచుకోలేదు.

మూడు పేరాలనూ తేదీలు తీసేసి పంచాను. ఏది ఏ కాలందో చెప్పమంటే క్రియలు చూసి దాదాపు అందరూ సరిగ్గా పోల్చారు. వాళ్లకు రష్యా చరిత్ర తెలియదు, తెలుగు వ్యాకరణం తెలుసు. అది చాలింది.

నామవాచకాలు కూడా ఇదే పని చేస్తాయి. 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ దగ్గర బాబీ యార్ లోయలో జర్మన్లు 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఈ లెక్క జర్మన్ల సొంత నివేదికలోదే. కీవ్ మీద సోవియట్ విచారణ సంఘం తయారుచేసిన నివేదికలో 'యూదులు' అన్న మాటను మార్చి 'శాంతియుత సోవియట్ పౌరులు' అని పెట్టారు. పాఠ్యపుస్తకాల భాష కూడా అదే. 1976లో అక్కడ కట్టిన స్మారకం మీద కూడా యూదులన్న మాట లేదు. వాళ్లు సోవియట్ పౌరులే, శాంతియుతులే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ వాళ్లను ఎందుకు చంపారో ఆ నిజం చెప్పదు. క్లాసులో ఒకబ్బాయి లేచి, "మేడమ్, మా ఊళ్లో జరిగింది పేపర్లో 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అని వచ్చింది. కొట్టింది ఒక వర్గమే" అన్నాడు. ఏ ఊరని నేను అడగలేదు. అందరికీ అర్థమైంది.

మనుషుల పేర్ల విషయం త్వరగా ముగించాను, ఎందుకంటే అందరూ ఊహించేదే. బెర్లిన్ గెలిచిన సేనాని జూకొవ్ 1946లో స్టాలిన్ కోపానికి, 1957లో క్రుశ్చేవ్ కోపానికి గురై రెండుసార్లు పేజీల్లో మసకబారాడు. 1944 విజయాలను 'స్టాలిన్ పది దెబ్బలు' అని కంఠస్థం చేయించిన పుస్తకాలు 1956 తర్వాత ఆ పేరెత్తలేదు. 1961లో స్టాలిన్‌గ్రాద్ వోల్గోగ్రాద్ అయ్యాక, ఆ మహాయుద్ధం కొన్నేళ్లు 'వోల్గా తీరపు యుద్ధం'గా మారింది. 1978లో బ్రెజ్నేవ్ పేరుతో వచ్చిన జ్ఞాపకాల పుణ్యమా అని, ఆయన రాజకీయ అధికారిగా పనిచేసిన నల్లసముద్రం ఒడ్డున నొవొరొసీస్క్ దగ్గరి చిన్న తీరభాగం పాఠాల్లో పెద్ద యుద్ధరంగమైపోయింది. అక్కడ 225 రోజులు పోరాడి చచ్చిన సైనికుల త్యాగం నిజమైనది. ఆయన పోయాక దాన్ని కూడా ఆయనతోపాటే పక్కకు తోసేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంత అయ్యాక నాలుగో రోజు 1939 పేజీ ఇచ్చాను. ఈసారి "అంతా అబద్ధమే" అని ఎవరూ అనలేదు. సమయం దొరికిందన్న వాదనలో ఎంత నిజం ఉందో ఒక గ్రూపు, ఆ సమయంలో ఇతరుల దేశాలకు ఏమైందో ఇంకో గ్రూపు రాసుకొచ్చాయి. రెండూ చదవదగ్గవే.

క్లాసు తర్వాత మిగిలినవి

ఒక ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. "టెన్త్ పబ్లిక్‌లో పుస్తకంలో ఉన్న వాక్యమే రాయాలి. మేం పిల్లలకు ఇది నేర్పితే మార్కులు పోవా?" అని అడిగారు. వాళ్ల భయం న్యాయమైనది. దానికి 1988 వేసవి కథ చెప్పాను. ఆ జూన్‌లో సోవియట్ ప్రభుత్వం స్కూళ్లలో చరిత్ర పరీక్షలు రద్దు చేసింది. పుస్తకంలో ఉన్నదానికీ పత్రికల్లో వస్తున్నదానికీ పొంతన లేకపోయేసరికి, ఏది సరైన జవాబో టీచర్లకే తెలియని పరిస్థితి. మా హాస్టల్ ముసలావిడ మనవరాలు ఆ ఏడే పదో తరగతి. తేదీలన్నీ బట్టీపట్టింది. పరీక్ష లేదని తెలిసిన రోజు ఆ పిల్ల సంతోషపడలేదు. నోట్‌బుక్ చింపేసి ఏడ్చిందని ఆవిడ చెప్పింది. మార్కుల గురించి మా వాళ్లు అడిగినదానికి ఇది జవాబు కాదని నాకు తెలుసు.

చేయగలిగినంతలో చేసింది ఇదీ: లెసన్ ప్లాన్‌లో ఒక గడి పెంచాను. పాఠంలో కర్త లేని వాక్యం ఒకటి వెతికి, ఆ గడిలో రాసి, చేసిందెవరో పిల్లలతో చెప్పించాలి. అయిదు నిమిషాల పని. పబ్లిక్ పరీక్షకు అడ్డం రాదు. ప్రాక్టీస్ టీచింగ్‌లో కొందరు ఆ గడిని ఖాళీగా వదిలేశారు, ఎక్కువమంది నింపారు. ఒకమ్మాయి 'గ్రామాలు మునిగిపోయాయి' అన్న వాక్యం రాసి పిల్లల్ని ముంచిందెవరని అడిగింది. పదమూడేళ్ల పిల్లలు పీరియడ్ అయిపోయినా వాదించుకుంటూనే ఉన్నారట.

వచ్చే బ్యాచ్‌కి ఇంకో పేజీ కలపబోతున్నాను. బెలారస్‌లో ఖతీన్ అనే ఊరుండేది. 1943 మార్చి 22న నాజీ సేనలు దాన్ని తగలబెట్టి 149 మందిని చంపాయి, అందులో 75 మంది పిల్లలు. 1969లో అక్కడ పెద్ద స్మారకం కట్టారు. సోవియట్ పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. రష్యాలో స్మొలెన్‌స్క్ దగ్గర కతీన్ అనే అడవి ఉంది. 1940 వసంతంలో సోవియట్ రహస్య పోలీసులు అక్కడా, మరికొన్ని చోట్లా కలిపి దాదాపు 22 వేల మంది పోలండ్ బందీలను చంపారు. 1990 ఏప్రిల్ 13న ఒప్పుకునే దాకా ఆ నేరం జర్మన్ల మీదే ఉంది. రెండు పేర్లకూ తెలుగులో ఒక వత్తు తేడా. ఆ రెండు పేర్లూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, కింద రెండింటికీ 'చంపినవారు' అని ఖాళీ గీతలు గీసి, ఆ పీరియడ్ మొదలుపెడతాను.